ఎడమచేతి రబ్బరు

రెండేళ్ల కిందట తన మొగుణ్ణి మింగిన డైవింగ్ డ్రెస్సు ఒక పెట్టెలో, టైరుబండి మీద, లక్ష్మవ్వ దుకాణం ముందుకు తిరిగొచ్చింది. తెచ్చినవాడు రాజలింగు. ఆ రోజు ఒడ్డున నిలబడి ఆమె మొగుడు హనోకు తాడు పట్టుకున్న మనిషి అతనే.

బోధన్ నుంచి రుద్రూర్ పోయే దారిలో ఉంది ఆ పంక్చర్ దుకాణం. చెరకు మోసే బండ్లు, ఫ్యాక్టరీ లారీలు, సైకిళ్లు, అన్నీ అక్కడ ఆగుతాయి. నీళ్లలో దిగే పని లేని నెలల్లో హనోకే నడిపేవాడు. అతను పోయాక చర్చివాళ్లు ఆయా పని ఇప్పిస్తామన్నా ఒప్పుకోకుండా లక్ష్మవ్వ అదే స్టూలు మీద కూర్చుంది. ట్యూబులకు అతుకులు వేయడం ఆమెకు పెళ్లయిన కొత్త నుంచే వచ్చు.

“వదినె,” అన్నాడు రాజలింగు, బండి పక్కన నిలబడి. ఆమె ముఖం వైపు చూడలేదు.

“రెండేండ్లకు తొవ్వ దొరికిందా నీకు?”

బండి తోలుకొచ్చిన సాయన్న నవ్వాడు. “తొవ్వ దొరకలే వదినె, నేనే గుంజుకొచ్చిన. పెండ్లికొడుకును చేస్తున్నం గదా ఈన్ని.”

“పెండ్లా?”

“నీళ్లతోని! నల్లగుట్ట సాగరం తూము మల్ల బిగుసుకున్నది. తలుపు లేస్తలేదు, కింద చెరుకంత ఎండుతున్నది. బొంబాయి డైవర్ రానన్నడట. ఈడు దిగుతనన్నడు.”

లక్ష్మవ్వ చేతిలోని ట్యూబు పక్కన పెట్టింది. “నువ్వు దిగుతవా?”

“దసరా తెల్లారి,” అన్నాడు రాజలింగు. “మణికట్టు రబ్బర్లు కొత్తయి వెయ్యాలె. బొంబాయి నుంచి రెండు జతలు తెప్పిచ్చిండు ఓవర్సీర్ సాబ్. నువ్వు తప్ప గీ పని ఎవలకు రాదు. దిగే రోజు నువ్వు సుత ఉండాలెనన్నడు.”

“తాడు ఎవలు పడతరు?”

అప్పుడు రాజలింగు ఆమె వైపు చూశాడు. మనిషి సగమైపోయాడు. కళ్లు లోపలికి పోయాయి. “ఎవలన్న పడతరు తియ్యి,” అన్నాడు.

పెట్టె దించి వెళ్లిపోయారు. బండి మలుపు తిరిగేదాకా లక్ష్మవ్వ దాన్ని ముట్టుకోలేదు.

మూత తీయగానే వాసన వచ్చింది. పాచి, బురద, వాటి కింద ఇంకేదో. డ్రెస్సు మడత పెట్టి ఉంది, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకున్న మనిషిలా. రబ్బరు పట్టించిన మందపాటి కాన్వాసు అది. కాళ్ల నుంచి మెడ దాకా ఒకటే తొడుగు. మెడ దగ్గర ఇత్తడి కంకణం, దాని మీద తలకు బిగించే రాగి గుండు. ఒడ్డున ఇద్దరు పంపు తిప్పుతుంటే గొట్టం గుండా గాలి ఆ గుండులోకి వస్తుంది. లోపలి మనిషికి చేతులు మాత్రమే బయట ఉంటాయి. మణికట్టు చుట్టూ బిగుసుకునే రబ్బరే నీళ్లను ఆపుతుంది.

ఆ రబ్బరు చిరిగితే? చెయ్యి కిందికి ఉన్నంతసేపు ప్రాణానికి ముప్పు లేదు. చెయ్యి తలకంటే పైకెత్తితే మాత్రం గాలంతా చిరుగులోంచి పైకి తన్నుకుపోతుంది, ఆ చోటును నీళ్లు నింపుతాయి.

హనోకు చెయ్యి పైకెత్తాడు. తూము తలుపు మీద చిక్కుకున్న గొలుసును విడిపించడానికి ఎడమ చెయ్యి ఎత్తాడు. ఒడ్డున ఉన్నవాళ్లకు నీళ్ల మీద ఒక్కసారిగా పెద్ద బుడగ పగలడం కనిపించింది. తర్వాత ఏమీ కనిపించలేదు. నీళ్లు నిండిన డ్రెస్సు బండరాయంత బరువైంది, కాలు ఎక్కడో ఇరుక్కుంది. పైకి తెచ్చేసరికి పొద్దు వాలింది.

లక్ష్మవ్వ వేడినీళ్లలో గుడ్డ ముంచి ఎడమచేతి చిరిగిన పాత రబ్బరు మీద చుట్టింది. అతుకు మెత్తబడ్డాక మొద్దు కత్తితో అంచు లేపింది. రెండేళ్లు పెట్టెలో పడున్న రబ్బరు ఎండిపోయి, పెళుసెక్కి, బీటలు పడాలి. ఇది అలా లేదు. బెల్లం పాకంలా వేలికి అంటుకుంది. ఉబ్బింది. లాగితే సాగలేదు, తడిసిన కాగితంలా చీలింది.

ఆమె వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. పాతబడిన నూనె.

నూనె తగిలితే రబ్బరు చస్తుందని ఈ దుకాణంలో సైకిలుకు గాలి కొట్టుకోవడానికి వచ్చేవాళ్లకు కూడా తెలుసు. హనోకు ఈ పెట్టె ఉన్న గదిలో దీపంలో నూనె కూడా పోయనిచ్చేవాడు కాదు. సబ్బునీళ్లతో చేతులు తడుపుకుని తొడుక్కునేవాడు. మరి నూనె ఎక్కడిది? ఎవరో పూశారు. కుడిచేతి రబ్బరు కూడా విప్పి చూసింది. దానికీ అంతే.

అతుకు మడత లోపల, నీళ్లు చేరని చోట, సన్నటి పచ్చని గీత ఉంది. పసుపు.

పసుపు పండించే చేతులు. రాజలింగుది వేల్పూర్. వాళ్లింట్లో తరతరాలుగా పసుపే పంట, పిల్లల గోళ్లు కూడా పచ్చగానే ఉంటాయి. పెట్టె తాళం ఇద్దరి దగ్గరే ఉండేది, హనోకు దగ్గరా, రాజలింగు దగ్గరా.

ఆమెకు ఇప్పుడు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. సమాధి దగ్గర అందరికంటే గట్టిగా ఏడ్చింది అతనే. మట్టి వేయమంటే వేయకుండా పారిపోయింది అతనే. ఆ తర్వాత రెండేళ్లు ఈ దారిన రాకుండా తప్పించుకు తిరిగిందీ అతనే. ఇప్పుడు హనోకు కొలువులో దిగుతున్నదీ అతనే.

“ఒరే నువ్వా,” అంది లక్ష్మవ్వ ఖాళీ దుకాణంలో.

మర్నాడు పొద్దున ఆమె పని మొదలుపెట్టింది.

కుడిచేతి వైపు పద్ధతిగా చేసింది. కాన్వాసు అంచును పెట్రోలుతో తుడిచింది. గరుకు కాగితంతో రుద్ది, మెరుపు పోయి బూడిదరంగు తేలేదాకా ఆపలేదు. సొల్యూషన్ పలచగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూసింది. వేలు ఆనిస్తే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు డ్రెస్సు చేతిని చేతిమందం కట్టె మీద ఎక్కించి, కొత్త రబ్బరు తొడిగి, మధ్య నుంచి అంచులకు గాలి మిగలకుండా నొక్కింది.

ఎడమచేతి వైపు రుద్దలేదు. మెరుపు అలాగే ఉంచి, దాని మీదే సొల్యూషన్ పూసి అతికించింది. చూసేవాడికి రెండూ ఒకటే. పొడిగా ఉన్నప్పుడు లాగినా ఊడదు. నీళ్లలో నాని, చెయ్యి ఎత్తినప్పుడు లోపలి గాలి తన్నితే మాత్రం అరటితొక్కలా లేస్తుంది.

చేతులు రోజూ పనిలాగే సాగిపోయాయి. అదే ఆమెకు వింతగా అనిపించింది.

గాలి నింపి చూడటం రివాజు. మెడకు చెక్కమూత బిగించింది, చేతులకు కట్టె బిరడాలు పెట్టింది, లారీ టైర్లకు గాలి కొట్టే కాలిపంపు తగిలించింది. తొక్కడం మొదలుపెట్టింది.

నేల మీద చదునుగా పడున్న డ్రెస్సు ముందు పాదాల దగ్గర కదిలింది. పిక్కలు నిండాయి. తొడలు నిండాయి. హనోకు ఎడమ మోకాలు కొంచెం వంకర, చిన్నప్పుడు ఎద్దు తన్నింది. డ్రెస్సు మోకాలు కూడా అదే వంకరలో నిండింది. ఛాతీ లేచింది. పొద్దున్నే మంచం మీద ఒళ్లు విరుచుకునే మనిషిలా రెండు చేతులూ నెమ్మదిగా నేల విడిచి పైకొచ్చాయి. తల లేదు, అంతే తేడా.

లక్ష్మవ్వ పంపు మీంచి కాలు తీసింది.

ఎడమ చెయ్యి ఇంకా లేస్తూనే ఉంది. ఆమె వైపు వచ్చి, ఆమె చీర కుచ్చిళ్లకు తగిలి ఆగింది. తర్వాత మణికట్టు దగ్గర నుంచి సన్నగా ఒక శబ్దం. గాలి. నిద్రలో మొగుడు మెడ మీద వదిలే ఊపిరిలా వెచ్చగా పాదం మీద తగిలింది. ఆ ఊపిరికి అదే వాసన, పాచి, బురద, పాతనూనె.

“ఏంది?” అంది ఆమె. “ఏమంటున్నవ్?”

డ్రెస్సు కుంగిపోయింది. చెయ్యి ఆమె పాదం మీద వాలింది.

“వదినె, ఎవలతోని మాట్లాడుతున్నవ్?” గడపలో సాయన్న. బండి చక్రానికి గాలి కోసం వచ్చాడు. లోపలికి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. “దాని తల్లి! మనిషనుకున్న!”

“మనిషే,” అంది లక్ష్మవ్వ. “గాలి తర్వాత పడతా గని, పో.”

ఎడమచేతి రబ్బరు ఆమె మళ్లీ ఊడదీయలేదు. మడత పెట్టి పెట్టెలో వేసింది.

దసరా రోజు మధ్యాహ్నానికి సాయన్న బండిలో పెట్టె, లక్ష్మవ్వ, ఇంకో జత రబ్బర్లు, సొల్యూషన్ డబ్బాల సంచీ నల్లగుట్ట సాగరం చేరాయి. దారిపొడవునా చెరకు ఆకు అంచులు కాలినట్టు ఉన్నాయి. కాలువలో అడుగున పగుళ్లు. ఊళ్లో బండి చక్రాలకూ నాగళ్లకూ బంతిపూలు, కుంకుమబొట్లు.

పెట్టెను గట్టు మీది షెడ్డులో దించి, లక్ష్మవ్వ ఓవర్సీర్ లింబాద్రి ఇంటికి వెళ్లింది. ఆయన భార్య వసంతమ్మ అన్నం పెట్టింది. లక్ష్మవ్వ అన్నం కలుపుతూ కూర్చుంది.

“భయమైతుందా?” అడిగింది వసంతమ్మ. “ఆ రాజలింగును చూస్తె నాకూ భయమే. రోజు పొయ్యి తూము మీద కూసుంటడు. కింద ఎవరో గుండుతోని తలుపును కొడుతున్నరంటడు. నీకు వినొస్తలేదా అమ్మా అని నన్నడుగుతడు.”

“వినొస్తదా?”

“నాకేం వినొస్తది! నీళ్లు.”

లక్ష్మవ్వ చెయ్యి కడుక్కుని లేచింది. చేసిన తప్పుకు అతనికి చెవుల్లో శబ్దాలు వినిపిస్తున్నాయన్న మాట. మంచిదే. కానీ కాళ్లు షెడ్డు వైపే లాగాయి. ఒక్కసారి రబ్బరు అంచు చూసుకోవాలి. చూసుకుని ఏం చేస్తుందో ఆమెకే తెలియదు.

షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసింది.

గోడకు ఆనించి డ్రెస్సు. మెడలో బంతిపూల దండ. ముందు ఊదుబత్తీలు, పగలగొట్టిన కొబ్బరికాయ. రాజలింగు స్నానం చేసిన తడిజుట్టుతో మోకాళ్ల మీద కూర్చుని, ఎడమచేతి రబ్బరును ఒళ్లో పెట్టుకుని, ఆకుదొప్పలోంచి నూనె, పసుపు కలిపి వేళ్లతో తీసి దానికి రాస్తున్నాడు. పసిపిల్ల చేతికి రాసినట్టు, మడత మడతకూ.

“ఏం చేస్తున్నవురా?”

అతను ఉలిక్కిపడ్డాడు. తర్వాత సిగ్గుపడ్డాడు. “ఆయుధ పూజ వదినె. నీకు నచ్చదని తెలుసు. తుడుస్త, మల్ల కానరాదు.”

“నూనె ఎందుకు?”

“మంచినూనె. నువ్వులది. మా ఇంట్ల నాగలికి గిదే పెడతం. నీళ్లల్ల దిగేటిదానికి చల్లగ ఉండాలె గదా.”

“ఇదే మొదలా?”

“ఏ, లేదు. అన్న ఉన్నప్పటి సంది ప్రతి దసరాకు చేస్త. ఆయనకు తెల్వకుంట.” రాజలింగు కొంచెం నవ్వాడు. “తెలిస్తె నవ్వుతుండె గదా. ఒకపారి గుండుకు బొట్టు పెడితె, ఏందిరా దీన్ని పెండ్లిపిల్లను చేసినవని తుడిచేసిండు. గందుకే బొట్టు పెట్టుడు బందు చేసి, నూనె పసుపు రాసి, గుడ్డతోని మంచిగ తుడిచి పెడుతుంటి. ఆయన దేవుడు ఆయన్ని చూసుకుంటడు. నా దేవుడు సుత జర చూడాలె గదా అని.”

లక్ష్మవ్వ గోడ పట్టుకుంది.

ప్రతి వర్షాకాలానికి ముందు హనోకు రబ్బర్లు మార్చేవాడు. బొంబాయిలో నాలుగేళ్లు ఉండేవి ఇక్కడ ఏడాదికే మెత్తబడతాయేంది, మన ఎండ పాడుగానూ అని తిట్టుకునేవాడు. ఆ చివరి ఏడాది బొంబాయి నుంచి కొత్తవి రాలేదు. ఎండను తిట్టుకుంటూ పాతవాటితోనే దిగాడు, దసరా మర్నాడు.

చెప్పకపోతే? చెప్పకపోతే ఇతను రేపు ఈ నూనెతోనే దిగుతాడు. నూనె ఒక్కరోజులో చంపదు. ఆమె వేసిన అతుకు చంపుతుంది. అతుకు విప్పి మళ్లీ వేసి, ఏమీ చెప్పకుండా ఊరుకుంటే? వచ్చే దసరాకు మళ్లీ రాస్తాడు. ఆ పై దసరాకు. ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి ఎత్తుతాడు. చెబితే ఇప్పుడే, ఈ షెడ్డులోనే, ఇతను మిగలడు.

“రాజలింగూ, ఆ దొప్ప కింద పెట్టు.”

పెట్టాడు.

“రబ్బరుకు నూనె పడదు. రాస్తె మెత్తబడ్తది. చిరుగుతది.”

రాజలింగు ఆమెను చూశాడు. ఒళ్లోని రబ్బరును చూశాడు. పచ్చటి వేళ్లను చూసుకున్నాడు. బయట ఎవరో పిల్లలు జమ్మి ఆకు పంచుకుంటూ అరుస్తున్నారు.

“మరి అన్నది?”

ఆమె అబద్ధం చెప్పాలనుకుంది. నోరు తెరిచింది, అబద్ధం రాలేదు. “నేను విప్పి చూసిన. నూనె వాసనొచ్చింది. పసుపుండె.”

అతని నుంచి ఏడుపు రాలేదు. గాలి తీసేసిన డ్రెస్సులా భుజాలు కుంగాయి. “తాడు పట్టింది నేనే,” అన్నాడు. “తాళం నా దగ్గర్నే. నూనె నాదే.”

“ఇంకొకటి విను. నువ్వే కావాలని చంపినవనుకున్న. ఆ ఎడమచేతి రబ్బరు దొంగ అతుకేసిన. రేపు చెయ్యెత్తుతె ఊడిపోవాలెనని.”

రాజలింగు రబ్బరు అంచును వేలితో నిమిరాడు. “గట్లనే ఉండనియ్యి వదినె.”

“ఉండనియ్య. ఇయ్యి ఇటు.”

“మంచిగేసినవ్. కొస సుత కానొస్తలేదు.”

“ఇయ్యిరా!”

లాక్కుంది. మొద్దు కత్తి తీసింది.

దసరా మర్నాడు పని జరగలేదు. రెండో జత వేయడానికి, అతుకు గట్టిపడటానికి ఒక రోజు పట్టింది. లింబాద్రి షెడ్డు ముందు నిలబడి కేకలు వేశాడు. “దసరా తెల్లారంటె దసరా తెల్లారే! రైతులు నా మీద పడుతున్నరు. ఆ రబ్బర్లకు ఏమైంది? నిన్న మంచిగనే ఉండె గదా?”

“మంచిగ లెవ్వు.”

“ఎవలు చెప్పిండ్రు?”

“వేసినదాన్ని నేనే చెబుతున్న. జల్ది ఉంటె నువ్వు దిగు సాబ్.”

లింబాద్రి నీళ్ల వైపు చూసి, కండువా సర్దుకుని, ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఎండెక్కాక దిగారు. రెండు చేతులకూ సబ్బునీళ్లు పోసి, గట్టు పని చేసే ఉప్పరి నర్సన్న ఒక పక్క, లక్ష్మవ్వ ఒక పక్క రబ్బరును విచ్చదీసి పట్టుకుంటే, రాజలింగు చేతులు బయటికి జారాయి. సీసపు బూట్లు తొడిగారు. గుండు బిగించే ముందు లక్ష్మవ్వ ఆపింది.

“తాడు నేను పడత.”

పంపు దగ్గర సాయన్న తల ఎత్తాడు. “ఆడమనిషివి వదినె, చేతులు కోసుకపోతయ్.”

“టైర్లు గుంజే చేతులు నావి. నీ పంపు నువ్వు తిప్పు.”

“నువ్వు పట్టకు,” అన్నాడు రాజలింగు మెల్లగా.

ఆమె గుండు బిగించమని నర్సన్నకు సైగ చేసింది.

తూము బావి మీద పలకల మంచె. మధ్యలో నుంచి ఇనుపకమ్మి కిందికి, తలుపు దాకా పోతుంది. దాన్ని తిప్పితేనే తలుపు లేస్తుంది. నిచ్చెన మీంచి రాజలింగు నీళ్లలోకి దిగాడు. ఆకుపచ్చ నీళ్లు రాగిగుండు మీద కలుసుకున్నాయి. బుడగలు మాత్రం మిగిలాయి.

లక్ష్మవ్వ కళ్లు బుడగల మీద, చేతులు తాడు మీద. ఒక్కసారి లాగితే ‘బాగున్నావా’ అని. అతను ఒక్కసారి లాగితే బాగున్నట్టు. నాలుగు లాగులంటే పైకి రావడం.

చాలాసేపటికి, అతను వెంట తీసుకుపోయిన రెండో తాడు బిగిసింది. తలుపుకు అడ్డుపడ్డ మొద్దుకు కట్టాడన్న మాట. నర్సన్న, ఇంకా నలుగురు లాగారు. నల్లగా, పాచిపట్టి, గొలుసు ముక్క చుట్టుకున్న తుమ్మమొద్దు నీళ్లు చిమ్ముతూ పైకొచ్చింది. గట్టు మీద రైతులు అరిచారు. ఆ మొద్దును తీయాలంటే రెండు చేతులూ పైకెత్తి ఉంటాడు. బుడగలు సన్నగా, ఒకే తీరుగా వస్తున్నాయి. రబ్బర్లు నిలిచాయి.

“అయిపాయె,” అన్నాడు సాయన్న. “రమ్మను ఇగ. నా రెక్కలు పోయినయ్.”

లక్ష్మవ్వ నాలుగుసార్లు లాగింది.

కింది నుంచి ఒకటే లాగు వచ్చింది. బాగున్నాను.

మళ్లీ నాలుగు. మళ్లీ ఒకటే.

“మస్కిరీనా, ఆటలా ఈనికి?” అన్నాడు నర్సన్న.

మూడోసారి నాలుగు. ఈసారి ఏమీ రాలేదు. బుడగలు మాత్రం ఉన్నాయి, పొయ్యి మీద అన్నం ఉడికినట్టు, ఒకే చోట, నిదానంగా. లక్ష్మవ్వ తాడు మీద మరో మనిషిని వేసి లాగించింది. తాడు రాతికి కట్టినట్టు కదల్లేదు. అతను దేన్నో పట్టుకుని కూర్చున్నాడు.

“ఇరుక్కున్నడా?” లింబాద్రి మంచె అంచు దాకా వచ్చి వంగాడు. “మల్ల గదే తూముల?”

“ఇరుక్కోలే,” అంది లక్ష్మవ్వ.

తను చెప్పిన మాటే అతన్ని అక్కడ కూర్చోబెట్టింది. నూనె కాదు, అతుకు కాదు. కింద హనోకు కాలు ఇరుక్కున్న చోటే అతను ఆనుకుని ఉంటాడు. పైన ఇద్దరూ పంపు తిప్పలేక ఆపేదాకా కూర్చుంటాడు. ఆమెకు ఒక్క క్షణం అది కనిపించింది, చీకటి నీళ్లలో రెండు రాగిగుండ్లు, పక్కపక్కన.

తాడు నర్సన్న చేతిలో పెట్టింది. మంచె మీద మేకులు కొట్టే సుత్తె పడుంది. అందుకుని తూము కమ్మిని కొట్టింది.

ఆ దెబ్బకు పలకలు అదిరాయి. ఇనుము మీంచి శబ్దం కిందికి, నీళ్ల అడుగుకు పోయింది. మళ్లీ కొట్టింది. ఏ సైగా కాదు, ఏ లెక్కా లేదు. ఇంటి తలుపు విరగ్గొట్టేవాళ్లు కొట్టినట్టు కొట్టింది. సాయన్న “వదినె!” అన్నాడు, ఆమె వినలేదు. కొంగు జారి నడుముకు చుట్టుకుంది. అరచేతిలో బొబ్బ లేచి చితికింది. కింద ఎవరు విన్నా సరే, అతనైనా, ఇంకొకరైనా, కూర్చోనివ్వకూడదు. వసంతమ్మ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి చెవులు మూసుకుంది.

“ఆగు ఆగు!” నర్సన్న అరిచాడు. “గుంజుతున్నడు! ఒకటి... నాలుగు! నాలుగొచ్చినయ్!”

లక్ష్మవ్వ సుత్తె వదిలేసి తాడు మీద పడింది.

గుండు నీళ్లు విడిచింది. నిచ్చెన మీది నుంచి నలుగురు అతన్ని మంచె మీదికి లాగారు. గుండు అద్దం విప్పగానే రాజలింగు దగ్గాడు. ముఖం సున్నం కొట్టినట్టు ఉంది.

“గట్ల కొడతరా ఎవలన్న?” అన్నాడు. “గుండు లోపల ఎట్ల మోగుతదో తెలుసా? చెవులు పలిగినయ్.”

“నువ్వు రాకుంటె రేపటిదాక కొడుతుంటి.”

గుండు ఎత్తేశారు. సాయన్న పంపు వదిలి వెల్లకిలా పడిపోయి ఇద్దరినీ తిట్టడం మొదలుపెట్టాడు. లక్ష్మవ్వ సబ్బునీళ్ల చెంబు దగ్గరికి జరుపుకుని, అతని ఎడమ మణికట్టు లోపలికి రెండు వేళ్లు పోనిచ్చి రబ్బరు విచ్చదీసింది. అతను ఆమెకు మాత్రమే వినపడేంత మెల్లగా మాట్లాడాడు.

“అన్న ఉన్నడు వదినె.”

ఆమె వేళ్లు ఆగాయి. “ఏమన్నడు?”

“ఏమనలే. పక్కకు కూసున్నడు. నేను నూనె సంగతి చెప్పిన. పొమ్మనలే, ఉండుమనలే. నాకు లేవబుద్ధి కాలే.”

“మరి ఎట్లొచ్చినవు?”

“నువ్వు కొట్టినవు గదా. ఎంతసేపు కొట్టినా గట్లనే కూసుంటమనుకున్న. ఆయననే ముందు లేసిండు.” రాజలింగు ఎడమ చెయ్యి జారి బయటికొచ్చింది. పొడిగా ఉంది. “లేసి పోయిండు. ఇగ ఆడ నేనొక్కణ్ణే ఏం చేద్దును?”

“ఏ దిక్కు పోయిండు?”

“తలుపు దిక్కు. ఆడ్నే నిలవడ్డడు. మూసున్నది గదా.”

లింబాద్రి కమ్మి చక్రం దగ్గర మనుషులను నిలబెట్టాడు. గట్టు కింద రైతులు ఎండిన కాలువలోంచి ఒడ్డుకు ఎక్కుతున్నారు. నర్సన్న చక్రం మీద రెండు చేతులూ వేసి, తాడు పట్టిన మనిషి చెప్పాలి కాబట్టి, లక్ష్మవ్వ వైపు చూశాడు.

“మనిషి పైకొచ్చినట్టేనా వదినె? తలుపు ఎత్తాల్నా?”

లక్ష్మవ్వ కిందికి చూసింది. నీళ్ల మీద బుడగలు లేవు. చక్రం దగ్గర నలుగురూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

“వదినె?”

“ఎత్తుండ్రి,” అంది.